అప్‌డేట్: అమ్మ కంచంలో తెల్లన్నం తగ్గించాక

మా అమ్మగారికి మధుమేహం ఉన్నందున, మాంసం ముట్టని మా ఇంట్లో తెల్లన్నం తగ్గించి, చిరుధాన్యాలతో వారమంతా విసుగు కలగకుండా ఏమి వండవచ్చునో రెండు నెలల క్రితం అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మొదటి వారం కొర్రలను నానబెట్టకుండానే కుక్కరులో పెట్టడంతో అన్నం పలుకుగా మిగిలి, అమ్మ రెండు ముద్దలకే కంచం పక్కకు జరిపారు. ఇప్పుడు రాత్రే నానబోసి, గ్లాసుకు రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి, సన్నని సెగపై వండుతున్నాను. మెత్తగా వస్తున్న ఆ అన్నంలో గోంగూర పప్పు కలిపితే ఆమె తెల్లన్నం ఊసే ఎత్తడం లేదు. పీచు ఎక్కువగా ఉండేది తవుడు పొరలోనే కాబట్టి, విజయవాడలో ఏ దుకాణానికి వెళ్లినా పాలిష్ పట్టనివే అడిగి తెస్తున్నాను.

ఉదయం పొట్టు తీయని పెసలతో పెసరట్టు, రాత్రి జొన్నరొట్టె, బీరకాయ కూర చేస్తున్నాను. ఆదివారం సామల పులిహోర ఉంటుంది. చక్కెరకు బదులు బెల్లం పరవాలేదని నేననుకున్నది పొరపాటేనని, రెండూ రక్తంలో చక్కెరను పెంచేవేనని డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. అందువల్ల రాగిజావలో ఇప్పుడు మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు మాత్రమే వేస్తున్నాం. బెజవాడ ఎండలకు అదే హాయిగా ఉంది. కొర్రన్నమైనా ఎక్కువ తింటే చక్కెర పెరుగుతుంది కనుక కప్పుతో కొలిచి వడ్డించి, కంచంలో సగం కూరలే ఉండేలా చూస్తున్నాను. మందుల మోతాదు మాత్రం మేము సొంతంగా మార్చలేదు.