అక్షరాలన్నీ వచ్చు, పదం మాత్రం చదవలేరు: ఒకటో తరగతిలో ఏం మార్చాలి? (ఒక టీచర్ ప్రశ్నకు ‘పలకా బలపం’, ‘గంట కొట్టే వేళ’ అనే పేర్లతో ఇద్దరు ఇచ్చిన జవాబులు)

ఒకటో తరగతి టీచర్:
నమస్కారం అండి. తరగతిలో 28 మంది. అచ్చులు, హల్లులు గడగడా అప్పజెబుతారు, గుణింతం పాటలా వచ్చేస్తుంది. బోర్డు మీద ‘పడవ’ అని రాస్తే మాత్రం ‘ప... డ... వ...’ అని ఆగిపోతున్నారు. ఏం పదం అంటే దిక్కులు చూస్తారు. కొంతమంది పక్కనున్న బొమ్మ చూసి ‘ఓడ’ అనేస్తున్నారు. దానికి తోడు పలకలు పంచి, అందరూ కుదురుకునేసరికి 45 నిమిషాల పీరియడ్‌లో పావుగంట పోతోంది. ఒక్కొక్కరి చేత చదివించడానికి వీలు చిక్కడం లేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పలకా బలపం:
ముందు అప్పజెప్పడం వేరు, గుర్తుపట్టడం వేరు అని తేల్చుకోండి. ‘కె’ ఒక్కటే రాసి చూపించండి. పిల్లాడు పెదవులు కదుపుతూ ‘క కా కి కీ’ నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే వాడికి వరుస వచ్చింది కానీ అక్షరం రాలేదు.

ఒక్కొక్కరికి 2 నిమిషాలు చాలు. వరుస మార్చి రాసిన 10 అక్షరాలు, తర్వాత ‘వల, తల, జడ’ లాంటి 5 పదాలు, చివర్లో ‘లప, డత, వప’ లాంటి అర్థం లేనివి 3. రోజుకు ఆరుగురిని చూస్తే వారంలో అయిపోతుంది. అర్థం లేని పదాలు ఎందుకంటే వాటిని ఊహించి చెప్పడం కుదరదు, చదివి తీరాలి. 10లో 8 అక్షరాలు చెప్పి పదం దగ్గర ఆగితే లోపం అక్షరాల్లో లేదు, కలపడంలో ఉంది.

కలపడం ముందు చెవితో నేర్పండి. పలక, పుస్తకం ఏవీ వద్దు. మీరు ‘ప... డ... వ’ అని మధ్యలో ఒక్క క్షణం ఆగుతూ అనండి, వాళ్లు పదం చెప్పాలి. రోజూ 3 నిమిషాలు. ఆ తర్వాతే బోర్డు. పదం మీద కాగితం పట్టీ పెట్టి ‘ప’ ఒక్కటే కనబడనివ్వండి. పట్టీ జరిపి ‘పడ’, మళ్లీ జరిపి ‘పడవ’. ప్రతిసారీ మొదటినుంచి కలిపి చదవాలి. మూడో అక్షరం దగ్గరికి వచ్చేసరికి మొదటిది మర్చిపోవడమే చాలామంది ఇబ్బంది, ఇలా చేస్తే ఆ బరువు తగ్గుతుంది. వేలు అక్షరం అక్షరానికీ పొడిచినట్టు కాకుండా పదం కింద జారుతూ వెళ్లాలి. బొమ్మను మూసి ఉంచి, పదం చదివాకే చూపించండి.

గుణింతం కూడా అడ్డంగా కాదు, నిలువుగా నేర్పాలి. ఒక అక్షరానికి అన్ని గుర్తులూ వద్దు. ఒకే గుర్తు చాలా అక్షరాలకు: తా, పా, రా, గా, డా. తలకట్టు తీసి దీర్ఘం పెట్టడం వీటిలో స్పష్టంగా కనబడుతుంది. ల, ట, బ, జ, ణ లకు తలకట్టే లేదు కాబట్టి అవి తర్వాత. యి, జి, మొ, యొ మామూలు పద్ధతికి లొంగవు, వాటిని చివర్న విడిగా చెప్పాలి. ద–డ, బ–భ లాంటి జంటల్ని ఒకే వారంలో మొదలుపెట్టకండి. ఒకటి స్థిరపడ్డాక రెండోది.

గంట కొట్టే వేళ:
టైము సంగతి. పావుగంట ఎక్కడ పోతోందో గడియారం పెట్టి చూడండి. సాధారణంగా పోయేది రెండు చోట్ల: అందరూ ఒక్కసారి లేచి పలకల దగ్గరికి వెళ్లినప్పుడు, పిల్లలు లేచాక మనం సూచన చెప్పినప్పుడు. లేచిన పిల్లలు వినరు. కూర్చుని ఉండగానే మూడు ముక్కల్లో చెప్పండి: ‘పలక తీయాలి, ఒళ్లో పెట్టుకోవాలి, నా వైపు చూడాలి.’ ఒకరి చేత తిరిగి చెప్పించండి. అప్పుడు ‘ఇప్పుడు’ అనండి. ఆ మాట వినేదాకా ఎవరూ కదలకూడదు.

వరుసకో డబ్బా, డబ్బాకో బాధ్యుడు, వారానికోసారి మార్పు. విరిగిన బలపాలకు బదులుగా డబ్బాలో రెండు అదనంగా ఉంచండి, లేకపోతే దానికోసమే ముగ్గురు లేస్తారు. ఇదంతా పాఠం లాగే నేర్పాలి: మీరు చేసి చూపండి, ఇద్దరి చేత చేయించండి, తర్వాత అందరి చేత. రెండు వారాలు రోజూ సాధన చేయిస్తేనే నిలుస్తుంది, సెలవుల తర్వాత మళ్లీ రెండు మూడు రోజులు కావాలి. నిశ్శబ్దం కోసం చప్పట్లతో సంకేతం ఇచ్చాక, గొడవ సద్దుమణిగేదాకా మీరు మాట్లాడొద్దు. గొడవలోనే ఒకసారి మాట్లాడితే ఆ సంకేతానికి విలువ పోయినట్టే.

మిగిలిన టైముతో ఏడుగురేసి నాలుగు గుంపులు చేయండి. రోజుకు రెండు గుంపులు, ఒక్కోదానికి 10 నిమిషాలు. వారానికి పది వంతులు వస్తాయి: బాగా వెనకబడిన గుంపుకు నాలుగు, మిగతా మూడింటికీ రెండేసి. మీరు ఒక గుంపుతో ఉండగా మిగతావాళ్లు జంటలుగా చదవాలి. జంటలకు, బాగా చదివేవాళ్లతో మొదలుపెట్టి వెనకబడినవాళ్ల దాకా వరుసగా జాబితా రాసుకుని 1వ వాడితో 15వ వాణ్ని, 2తో 16ని కూర్చోబెట్టండి. అందరికన్నా బాగా చదివేవాణ్ని అసలు రానివాడితో వేస్తే ఒకడు విసుక్కుంటాడు, ఇంకొకడు నోరు మూసుకుంటాడు. ఆగిన చోట వినేవాడు వేళ్ల మీద ఐదు లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతేనే చెప్పాలి.

ఒకటో తరగతి టీచర్:
చాలా ధన్యవాదాలు. రేపటి నుంచే పట్టీ పద్ధతి మొదలుపెడతాను. ఇంకో సందేహం: నలుగురైదుగురు ఒత్తుల దాకా వచ్చారు. ‘మెట్లు’ని ‘మెటుల’ అంటున్నారు. ఎందుకలా?

పలకా బలపం:
వాళ్లు కనబడినట్టే చదువుతున్నారండి, అజాగ్రత్త కాదు. కొమ్ము ట పక్కన ఉంది, ల ఒత్తు కింద ఉంది. కానీ పలికేటప్పుడు కొమ్ము అన్నిటికన్నా చివర రావాలి. వేలితో దారి చూపించండి: పైన ట్, కింద ల, మళ్లీ పైకి వచ్చి కొమ్ము. ‘మె–ట్–లు’. ర ఒత్తు ఎడమ పక్కనుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి ‘చక్రం’ కాస్తా ‘చర్కం’ అవుతుంది. దానికీ ఇదే మందు.

అసలు ఒత్తులు ద్విత్వాలతో మొదలుపెడితే ఈ తికమక ఉండదు, పైనా కిందా ఒకే హల్లు కదా. అందులోనూ ముందు ఆకారం మారనివి: గద్ద, గడ్డ, మొగ్గ. తర్వాత త, న, మ, ల ఒత్తులు: అత్త, అన్న, పిల్ల. ‘అమ్మ’ను పరీక్షకు వాడకండి, ఆ పదాన్ని మొత్తంగా గుర్తుపట్టి చెప్పేస్తారు, మ ఒత్తు వచ్చిందో లేదో తెలియదు. ‘బొమ్మ’, ‘కొమ్మ’ ఇచ్చి చూడండి.