ఊరి డబ్బుతో నడిచే ఒపేరాను కొత్త సంగీతమే ప్రాణమనే ఆర్కెస్ట్రా కండక్టర్ చేతిలో పెట్టవచ్చా?

మైన్ ఒడ్డు:
ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటాను. ఇక్కడి ఒపేరా (సంగీత నాటకశాల) గురించి పాత ప్రేక్షకులను ఎవరిని కదిపినా మాట ‘గీలెన్ కాలం’ దగ్గరికి వచ్చి ఆగుతుంది. మిఖాయెల్ గీలెన్ 1977 నుంచి 1987 దాకా ఇక్కడ ఒపేరా డైరెక్టరు, వాద్యబృందాన్ని నడిపించే ముఖ్య కండక్టరు కూడా; కొత్త సంగీతమే ప్రాణమనే మనిషి. 2019లో 91 ఏళ్ల వయసులో పోయారు. అందరూ ఆయనను ఆకాశానికెత్తుతున్నారు కాబట్టి అడుగుతున్నాను. జర్మనీలో ఒపేరాలు చాలావరకు పన్నుల డబ్బుతో నడుస్తాయి. ఆ పన్ను కట్టేవారిలో ఒపేరాకు వెళ్లేవారు కోరేది వెర్డీ, మోజార్ట్ లాంటి పాత స్వరకర్తలను. గుప్పెడు మందికి నచ్చే సంగీతానికి ఖజానా ఎందుకు విప్పాలి? నా మట్టుకు ఇది ఇంకొకరి జేబుతో తీర్చుకున్న ముచ్చట.

శ్రుతిపెట్టె:
ముచ్చట కోసం ఎవరైనా ‘డీ జోల్డాటెన్’ (సైనికులు) ఒపేరాను నెత్తికెత్తుకుంటారా అండీ? సైనికుల చేతిలో నలిగిపోయిన ఒక అమ్మాయి కథ. స్వరకర్త బెర్న్డ్ అలోయిస్ జిమ్మర్‌మన్ రాస్తే, ఇది ఆడించడం అయ్యే పని కాదని కొలోన్ ఒపేరా పెద్దలు పక్కన పెట్టారు. ఆయన మళ్లీ తిరగరాశారు. 1965 ఫిబ్రవరి 15న అదే కొలోన్‌లో దానిని తొలిసారి నడిపించింది గీలెన్.

ఆ పని ఎంత కష్టమో రెండో అంకం చివర చూడండి. మూడు చోట్ల జరిగేవి ఒకేసారి వినిపిస్తాయి: ‘మరీ’ అనే ఆ అమ్మాయి ఒక ప్రభువంశపు సైనికాధికారి చేతుల్లో ఉంటుంది, ముసలి నానమ్మ ఓ పాత పాట పాడుతూ ఉంటుంది, ఇంకో ఊళ్లో మరీ ప్రేమికుడు తన తల్లి ముందు కుమిలిపోతుంటాడు. వీటి మధ్యలో బాఖ్ భక్తిగీతం ఒకటి. అంతకు ముందు కాఫీ దుకాణం దృశ్యంలో సైనికులు కప్పులు, బల్లలు, కుర్చీలు బాదడం కూడా స్వరలిపిలో రాసి ఉంటుంది! వందమందికి పైగా ఉన్న ఆర్కెస్ట్రాతో వీటన్నిటినీ ఒక తాళంలోకి తేవాలి. ఇప్పుడు అదే ఒపేరా న్యూయార్క్‌లో (2008), సాల్జ్‌బర్గ్‌లో (2012) ఆడింది. మొదట ఒకరు అయ్యే పనే అని చూపించబట్టి.

పన్నుదారు:
అయ్యే పని అని చూపించడం వేరు, అది జనానికి కావాలనడం వేరు. అమెరికాలో సిన్సినాటి సింఫనీకి గీలెన్ 1980 నుంచి 1986 దాకా ఉన్నారు. అక్కడ దాతలను, టికెట్లను నమ్ముకోవాలి. ఆరేళ్లతో సరి. తర్వాత జర్మనీలోని బాడెన్-బాడెన్ రేడియో ఆర్కెస్ట్రాలో 1999 దాకా, రేడియోకు శ్రోతలు కట్టే రుసుము నీడన. 2016లో ఆ ఆర్కెస్ట్రానే స్టుట్‌గార్ట్ రేడియో ఆర్కెస్ట్రాలో కలిపేశారు. పొదుపు పేరుతోనే. గొడుగు తీసేస్తే నిలిచేది ఎంత?

గోదావరి గట్టు:
మనకు ఇదేమైనా కొత్త గొడవా? బాలమురళీకృష్ణ గారు నాలుగు స్వరాలతో మహతి రాగం చేసినప్పుడు అది రాగమే కాదన్నవారు లేరా?

మైన్ ఒడ్డు:
పోలిక కుదరదండీ. ఆయన కచేరిలో మహతితో పాటు త్యాగరాజ కృతులూ ఉండేవి. పైగా ఆ ప్రయోగానికి వయొలిన్, మృదంగం, తంబురా చాలు. బెడిసికొడితే పోయేది పాడినవారి పేరే. ఇక్కడ వందమంది నెలజీతాలు, సెట్లు, నెలల తరబడి రిహార్సళ్లు.

శ్రుతిపెట్టె:
గీలెన్ పదేళ్లూ కొత్తవే ఆడించారని మీరు అనుకుంటున్నట్టుంది. ఆధునిక స్వరకర్త నోనో ఒపేరా వేశారు, నిజమే. కానీ ఊరంతా కొట్టుకున్నది వెర్డీ ‘ఐడా’ మీద. 1981లో దర్శకుడు నాయెన్‌ఫెల్స్ అందులోని ఇథియోపియా రాకుమారిని బకెట్టు పట్టుకున్న పనిమనిషిగా నిలబెట్టారు. హాలులో ఒకటే కేకలు. స్వరం మాత్రం వెర్డీదే.

1978లో జరిగింది ఇంకా పెద్దది. బెథోవెన్ తొమ్మిదో సింఫనీలో మూడో భాగం అయ్యాక ఆపి, ఆధునిక స్వరకర్త షోన్‌బెర్గ్ రాసిన ‘వార్సా నుంచి బతికి బయటపడినవాడు’ వినిపించారు. ఏడు నిమిషాలు ఉంటుంది, నాజీలు యూదులను కుక్కిన ఘెట్టో (వాడ) గురించి. చివర మగవాళ్ల బృందం హీబ్రూ ప్రార్థన అందుకుంటుంది. అది ముగియగానే ఆనందాన్ని పాడే బెథోవెన్ చివరి భాగం, మొదట్లోనే ఆ భీకరమైన మోత. నాకైతే ఆ మోత దేనికి ఉందో అప్పుడే తెలిసింది. రికార్డింగులో విన్నాను, నేరుగా కాదు.

గీలెన్ తల్లి యూదు కుటుంబపు నటి. మేనమామ ఎడువర్డ్ స్టాయర్‌మన్ షోన్‌బెర్గ్ శిష్యుడు. నాజీల వల్ల 1940లో ఇల్లు విడిచి బ్యూనస్ ఎయిర్స్ చేరారు. అక్కడే 1949లో షోన్‌బెర్గ్ పియానో రచనలన్నీ వాయించారు. ఆయనకు ఈ సంగీతం ఇంటి మాట. ఫ్యాషన్ అనకండి.

మైన్ ఒడ్డు:
ఆయన బాధను నేను తక్కువ చేయడం లేదు. కానీ నేను తొమ్మిదో సింఫనీకి టికెట్టు కొంటే అందులో ఎక్కడ ఏడవాలో, ఎక్కడ ఆనందపడాలో కండక్టర్ నిర్ణయించడం ఏమిటి? బెథోవెన్ చాలడా? నా అభ్యంతరం అంతా ఇదే. డబ్బు ప్రశ్నకు కూడా ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

శ్రుతిపెట్టె:
చెబుతాను. 1979లో గీలెన్ ష్రేకర్ ఒపేరా ‘డీ గెట్సైష్నెటెన్’ను మళ్లీ రంగం మీదికి తెచ్చారు. నాజీలు తుడిచిపెట్టిన స్వరకర్త. అది మొదట ఆడింది ఎక్కడో తెలుసా? ఇదే ఫ్రాంక్‌ఫర్ట్ ఒపేరాలో, 1918లో. అప్పుడు అది సరికొత్తది. అప్పటి ఒపేరా వాళ్లు కూడా వెర్డీ చాలనుకుంటే 1979లో వెలికి తీయడానికి ఏముండేది?

మైన్ ఒడ్డు:
అప్పట్లో జర్మనీలో ష్రేకర్ కోసం జనం ఎగబడేవారండీ. ఊళ్లకు ఊళ్లు ఆయన ఒపేరాలు ఆడించాయి. మీ ఉదాహరణ నా వైపే ఉంది.