అప్‌డేట్: మా బాబుని క్లాసులో ఏడిపిస్తున్నారని అడిగాను కదా

విజయవాడలో మూడో తరగతి చదివే మా వాడిని నత్తి ఉందని వెక్కిరిస్తున్నారు, ఏం చేయాలని అడిగాను కదా. మీరు చెప్పినట్టు ఆ పిల్లల ఇళ్ల మీదకి గొడవకి వెళ్లకుండా, ఎప్పుడు ఎక్కడ జరుగుతోందో రాసుకుని క్లాస్ టీచర్‌కి చూపించాం. ఎక్కువగా ఇంటర్వెల్‌లో కుళాయిల దగ్గరే అని తేలింది, ఇప్పుడు అక్కడ ఒక టీచర్ ఉంటున్నారు. ఫిన్లాండ్‌లో టుర్కు యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన కివా పద్ధతి గురించి కూడా మేడమ్‌కి చెప్పాను, ఏడిపించేవాడితో పాటు చుట్టూ నిలబడి నవ్వే పిల్లల్ని మార్చడం మీద అది బాగా దృష్టి పెడుతుంది. ఆవిడ ఎవరి పేరూ ఎత్తకుండా క్లాసులో దీని గురించి మాట్లాడారు, నాకు అది చాలా నచ్చింది. నవ్వేవాళ్లు తగ్గారు, ఒకమ్మాయైతే 'వాణ్ణి వదిలెయ్' అని గట్టిగా అంటోందట! స్కూల్ బస్సులో మాత్రం ఇంకా ఆగలేదు, ఆయాతో మాట్లాడాలి. స్కూల్ అసలు పట్టించుకోకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఉచితమే.