భీమిలి వైపు బోటు ఎక్కడ ఆపుకోవచ్చు?

మా బావ ఫైబర్ బోటులో నెలకోసారి వైజాగ్ ఫిషింగ్ హార్బర్ నుంచి భీమిలి దాకా వెళ్లొస్తాం. గోస్తని నది సముద్రంలో కలిసే మొగ దాటాక లోపల ఒక చిన్న రేవు ఉండేది, అక్కడ కొబ్బరి మొద్దుకి తాడు కట్టేసి, పక్క పాకలో అత్త వేయించిచ్చే నెత్తళ్లు తిని, పోటు చూసుకుని తిరిగొచ్చేవాళ్లం. మొన్న వెళ్తే పాక లేదు, మొద్దు లేదు, చుట్టూ కంచె! నిజంగా ప్రాణం ఉసూరుమంది.

మంగమారిపేట దగ్గర ఆపుదామంటే రాళ్లు, పాటులో (నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు) సహజ శిలాతోరణం బయటపడే చోటు కదా, ఇంజిన్ ఫ్యాన్‌కి తగులుతాయేమోనని టెన్షన్. అక్కడి జాలర్లు ఎటునుంచి ఒడ్డుకి తెస్తారో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. లేదా వైజాగ్‌కి దక్షిణాన ఉన్న పూడిమడక వైపు నయమా? పిల్లలు కూడా ఉంటారు, అలల్లో దిగి నడవలేరు.