అంతియొకయ సంఘాన్ని పెట్టిన అపొస్తలుడు ఎవరు?

బ్రాడీపేట_టీచర్: వందనాలు. గుంటూరులో సండే స్కూలు పెద్ద పిల్లలకు అపొస్తలుల కార్యములు (కొత్త నిబంధనలో తొలి క్రైస్తవ సంఘాల కథ చెప్పే పుస్తకం) పాఠం. ఏ సంఘాన్ని ఏ అపొస్తలుడు స్థాపించాడో పట్టిక వేస్తే సరిపోతుందా? అంతియొకయ (సిరియాలోని పాతకాలపు నగరం) ఎదురుగా ఎవరి పేరు రాయాలి?

కృష్ణలంక_పాఠకుడు: పట్టిక వద్దండీ, అంతియొకయ దగ్గరే బెడిసికొడుతుంది. విశ్వాసం కోసం రాళ్లతో చంపబడిన స్తెఫను మరణం తర్వాత చెదిరిపోయినవాళ్లలో కుప్ర (సైప్రస్), కురేనే (ఉత్తర ఆఫ్రికా) వాళ్లు కొందరు అక్కడ గ్రీకువాళ్లకు సువార్త చెప్పారు (11:19-21). వాళ్ల పేర్లే లేవు! యెరూషలేము సంఘం బర్నబాను పంపింది ఆ తర్వాతే. అతను తార్సు వెళ్లి సౌలును (పౌలు ఇతనే) తీసుకొచ్చాడు, ఇద్దరూ ఏడాదిపాటు బోధించారు. రోమాలోనూ పౌలు అడుగుపెట్టేసరికే విశ్వాసులున్నారు.

పాతగుంటూరు: అలాగని పన్నెండుమంది అపొస్తలులను తీసిపారేయకండి. 6వ అధ్యాయం చూపించండి: రోజువారీ పంపకంలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైతే, ఏడుగురిని ఎన్నుకున్నది సంఘం, చేతులుంచి నియమించింది అపొస్తలులు. సమరయలో ఫిలిప్పు ప్రకటించాక కూడా పేతురు, యోహాను వెళ్లారు (8:14).

పిల్లలు తికమకపడేది యాకోబు దగ్గర. ఆ పేరు ఇద్దరిది. 12:2లో హేరోదు రాజు చంపించినది యోహాను సహోదరుడైన యాకోబును, అంటే జెబెదయి కుమారుణ్ణి. 15వ అధ్యాయంలో యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా అన్న గొడవ మీద తీర్పు చెప్పినది ప్రభువు సహోదరుడైన యాకోబు, పన్నెండుమందిలోని జెబెదయి కుమారుడు కాదు.

బ్రాడీపేట_టీచర్: అయితే మ్యాపు మీద బాణాలు గీయిస్తాను. పౌలు యాత్రలతో మొదలుపెట్టనా?

కృష్ణలంక_పాఠకుడు: వద్దు, 8:1లో హింస వల్ల విశ్వాసులు యెరూషలేము నుంచి చెదిరిపోవడంతో.