సొంత షెల్ సెట్టింగులు వెంట మోసుకెళ్లాలా, ఉన్నదానికే అలవాటు పడాలా?

ఉప్పల్_డెవ్: కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. బాష్ (కమాండ్లు కొట్టే షెల్), విమ్ (ఎడిటర్), టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు తెరిచేది) సెట్టింగులన్నీ ఒకే గిట్ రెపోలో (ఫైళ్లని మార్పులతో సహా దాచుకునే చోటు) పెట్టుకున్నా. దాన్ని ఇక్కడికి క్లోన్ (కాపీ) చేసి, స్టో అనే టూల్ కొట్టగానే ఆ ఫైళ్లకి సిమ్‌లింకులు (షార్ట్‌కట్ల లాంటివి) హోమ్ డైరెక్టరీలో పడ్డాయి. ఐదు నిమిషాల్లో నా టెర్మినల్ నాకొచ్చేసింది. ఇది అందరూ చేసుకోవాలి.

గోదారి_అడ్మిన్: నేను వద్దంటాను. నా మెషిన్‌లో ఫైళ్లు చెరిపే ఆర్‌ఎం కమాండ్‌కి హైఫన్ ఐ అలియాస్ ఉండేది, అంటే ఆర్‌ఎం అని కొడితే 'ఆర్‌ఎం హైఫన్ ఐ' నడిచేది. చెరిపే ముందు ప్రతిసారీ అడిగేది. ఒకసారి రాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వర్‌లో పాత లాగ్స్ తీయబోయి, ఎలాగూ అడుగుతుంది కదా అని ఆర్‌ఎం స్టార్ (ఇక్కడున్న ఫైళ్లన్నీ చెరుపు) కొట్టాను. అక్కడ అలియాస్ లేదు. అడగలేదు. నేనున్నది లాగ్స్ డైరెక్టరీ కూడా కాదు. తెల్లారేదాకా బ్యాకప్ ఎక్కిస్తూ కూర్చున్నాను.

ఉప్పల్_డెవ్: ఆర్‌ఎం పేరునే వాడుకోవడం తప్పు అన్నా. ఆర్‌ఎంఐ అని పెట్టుకుని ఉంటే సర్వర్‌లో 'కమాండ్ నాట్ ఫౌండ్' వచ్చేది, అంతే.

నల్లతెర: ఈ బాష్ సెట్టింగులు మోసుకెళ్లే మ్యాక్ వాళ్లు జాగ్రత్త. 2019లో వచ్చిన కాటలీనా వెర్షన్ నుంచి అక్కడ డిఫాల్ట్ షెల్ బాష్ కాదు, జెడ్‌షెల్. మ్యాక్‌తో వచ్చే బాష్ ఇంకా 3.2 దగ్గరే ఉంది, అసోసియేటివ్ అర్రేలు (నంబరు బదులు పేరుతో విలువలు దాచే జాబితాలు) పనిచేయవు.

గోదారి_అడ్మిన్: పేరు సంగతి కాదు నేను చెప్పేది.

ఉప్పల్_డెవ్: పేరు సంగతే అన్నా. పీడబ్ల్యూడీ కొట్టి ఏ డైరెక్టరీలో ఉన్నారో చూసుకోకుండా చెరిపేసి, తప్పు సెట్టింగుల మీదకి నెడితే ఎలా?

గోదారి_అడ్మిన్: మాట జాగ్రత్త తమ్ముడూ. నీది సొంత మెషిన్. నేను రోజంతా క్లయింట్ వీడీఐలో (దూరం నుంచి వాడే వాళ్ల డెస్క్‌టాప్‌లో) ఉంటాను. గిట్‌హబ్ బ్లాక్, కాపీ పేస్ట్ బంద్, ఏది ఇన్‌స్టాల్ చేయాలన్నా టికెట్. సర్వర్‌లో పదిమందికి ఒకటే అకౌంట్. నీలాంటి కుర్రాడే దాని బాష్‌ఆర్‌సీలో (బాష్ సెట్టింగుల ఫైల్) వీఐ మోడ్ పెట్టి, అంటే కీలన్నీ వీఐ ఎడిటర్‌లా పనిచేసేలా మార్చి, ఇంటికెళ్లిపోయాడు. నైట్ షిఫ్ట్ అమ్మాయి కంట్రోల్ ఏ కొడితే కర్సర్ లైన్ మొదటికి పోదు. ఏమైందో తెలియక ఏడుపొక్కటే తక్కువ. 'అందరూ చేసుకోవాలి' అన్నావు చూడు, ఆ అందరిలో మేం లేం. నా బాధ అదీ.

ఉప్పల్_డెవ్: అది ముందే చెప్పాల్సింది అన్నా. ఉమ్మడి అకౌంట్‌లో నేనైనా ముట్టుకోను. కానీ పదిమందికి ఒకే అకౌంట్ ఇచ్చినవాళ్లని వదిలేసి ఆ కుర్రాణ్ణి అనడం అన్యాయం.

నల్లతెర: బాష్‌ని ఆర్‌సీఫైల్ ఆప్షన్‌తో తెరిస్తే మీ సొంత సెట్టింగుల ఫైల్ ఆ సెషన్‌కే పడుతుంది. మిగతావాళ్లకి తగలదు.

గోదారి_అడ్మిన్: ఆ ఫైల్ లోపలికి తేవడానికే టికెట్ అండీ. ఒకటి రెండు లైన్లయితే లాగిన్ అవగానే చేత్తో కొట్టుకుంటాను. ఏవి?

ఉప్పల్_డెవ్: పీఎస్1 ఒక్కటి చాలన్నా, ప్రాంప్ట్ (కమాండ్ కొట్టే చోటు ముందు కనిపించేది) ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్. అందులో హోస్ట్ (మెషిన్) పేరు, పూర్తి డైరెక్టరీ, ఎర్ర రంగులో. ఆ రాత్రి మీ కళ్ల ముందు లేనిది అదే.