ఉద్గారం అన్న మాటలో మింగడం ఉందని తెలుసా?

అందరికీ నమస్కారం. మొన్న మా అమ్మాయికి ఇంటర్ కెమిస్ట్రీలో ‘ఉద్గార వర్ణపటం’ (వర్ణపటం అంటే కాంతిని విడదీస్తే కనిపించే రంగుల పట్టీ) పాఠం చెబుతుంటే, "ఉద్గారం అంటే ఏంటి నాన్నా?" అని అడిగింది. వెలువడటం అని చెప్పేశాను గానీ మనసు ఒప్పుకోక నిఘంటువు తీశాను. కక్కడం, త్రేన్పు అని ఉంది. సంస్కృతంలో ‘గౄ’ ధాతువుకు మింగడం అని అర్థం. ముందు ‘ఉత్’ చేరితే మింగినదాన్ని పైకి తేవడం, ‘ని’ చేరితే నిగరణం, అంటే దిగమింగడం.

ఈ అర్థం తెలిశాక పాఠమే కొత్తగా కనిపించింది. గొట్టంలో కొద్దిగా హైడ్రోజన్ నింపి కరెంటు పంపితే పరమాణువు శక్తిని మింగుతుంది, ఎలక్ట్రాన్ పై మెట్టెక్కుతుంది. అక్కడ ఎక్కువసేపు ఉండలేదు. కిందికి దిగేటప్పుడు ఆ రెండు మెట్ల తేడా ఎంతో అంత శక్తీ కాంతిగా బయటపడుతుంది. హైడ్రోజన్ మెట్లు, అంటే ఎలక్ట్రాన్ ఉండగల శక్తి స్థాయిలు, కింది నుంచి −13.6, −3.4, −1.51, −0.85 ఎలక్ట్రాన్ వోల్టులు (శక్తికి కొలమానం). మూడు నుంచి రెండుకు దిగితే తేడా 1.89, అది 656 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎరుపు. నాలుగు నుంచి రెండుకైతే 2.55, అది 486 దగ్గరి నీలి ఆకుపచ్చ. ఈ రెండు రంగుల మధ్య అంతా చీకటే, ఎందుకంటే మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎలక్ట్రాన్ నిలబడే చోటు లేదు. అందుకే నాకు ‘స్థాయి’ కంటే ‘మెట్టు’ ఇష్టం.

ఆ మెట్లను ఎవరూ కంటితో చూడలేదు. కనిపించినవి రంగులే, కాంతిని విడదీస్తే విడివిడి గీతలుగా పడేవి. కంటికి కనిపించే హైడ్రోజన్ గీతలన్నీ ఒకే సూత్రానికి లొంగుతాయని 1885లో బామర్ పట్టుకున్నాడు, ఎందుకో మాత్రం ఆయనకు తెలియదు. ఈ మెట్లే కారణమని 1913లో బోర్ చెప్పాడు.

ఇంకో సంగతి. సూర్యకాంతిలో నల్లని గీతలున్నాయని ఫ్రాన్‌హోఫర్ 1814 నాటికే వాటి పటం గీయడం మొదలుపెట్టాడు. వాటిలో ఒక జంట సోడియం మంటలోని పసుపు గీతలున్న 589 నానోమీటర్ల చోటే పడుతుందని, అది సూర్యుడి పైపొరల్లోని సోడియం మింగిన కాంతేనని 1859లో కిర్కాఫ్ తేల్చాడు. మింగే కొలతా కక్కే కొలతా ఒకటే! కానీ మన పుస్తకాల్లో దీని పేరు ‘శోషణం’. అది ‘శుష్’ నుంచి వచ్చింది, ఎండిపోవడం అని అర్థం. శోషణం, ఉద్గారం అని జత కట్టేసరికి ఆ బంధం కనిపించకుండా పోయింది. నిగరణం, ఉద్గారం అని ఉంటే పిల్లలకు మాటలోనే పాఠం దొరికేది. మీరేమంటారు?

జవాబు (ఫిజిక్స్ టీచరు):
బాగా చెప్పారండీ. కానీ ఒక ఇబ్బంది ఉంది. కక్కడం అంటే లోపలున్నదే బయటికొచ్చిందని పిల్లలు అనుకుంటారు. పరమాణువు లోపల కాంతి దాగి ఉండదు. ఎలక్ట్రాన్ దిగినప్పుడే అది పుడుతుంది. పైగా మింగింది ఒక్క గుక్కలో మింగినా, కక్కేది విడతలుగా కావచ్చు. ఒకటి నుంచి మూడుకు ఎక్కడానికి 12.09 కావాలి. దిగేటప్పుడు మధ్యలో రెండో మెట్టు మీద ఆగితే 1.89 ఒకసారి, 10.2 ఇంకోసారి వస్తాయి. మొదటిది ఎర్రగా కనిపిస్తుంది, రెండోది అతినీలలోహితం, కంటికి ఆనదు.

మరో జవాబు:
‘రేఖా వర్ణపటం’ మాట కూడా చూడండి. పరమాణువులో రేఖలేమీ లేవు. కాంతిని సన్నని చీలిక గుండా పంపుతాం కాబట్టి ఒక్కో రంగులో ఆ చీలిక బొమ్మే గీతలా పడుతుంది. చీలికకు బదులు గుండ్రని రంధ్రం పెట్టి ఉంటే చుక్కలని పిలిచేవాళ్లం.

నా జవాబు:
టీచరు గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను. మింగేదీ కక్కేదీ శక్తి అని చెప్పాలి, కాంతి అని కాదు. మా అమ్మాయికి నేను చెప్పింది సగమే. ఈ రాత్రి మూడు మెట్లు గీసి, పైకి ఒక బాణం, కిందికి రెండు బాణాలు వేసి మళ్లీ చెబుతాను. చీలిక సంగతి చెప్పినవారికి ధన్యవాదాలు, అది నేనెప్పుడూ ఆలోచించలేదు. ‘నిగరణం’ మాట పాత తెలుగు శాస్త్ర పుస్తకాల్లో ఎక్కడైనా ఈ అర్థంలో కనిపిస్తే దయచేసి ఇక్కడ పెట్టండి.